మడత కింద పెట్టిన సంతకాలు

జిల్లా పాలక మండలి ఎన్నికల అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా వార్డు స్థానానికి పోటీ చేస్తున్న నర్సమ్మ నామినేషను రేపటి పరిశీలనలో కొట్టివేయకుండా చూచుట గురించి, మరియు అదే స్థానానికి నిలబడిన బస్సుల యజమాని మా నుంచి సంతకాలు రాబట్టిన తీరును విచారించుట గురించి.

నేను తాళాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి. ఆదివారాలు, బుధవారాలు ఆస్పత్రి వీధి చివరి రేకుల షెడ్డులో దేవుని వాక్యం చెబుతాను. నాకు ఏ బడీ పట్టా ఇవ్వలేదు. చదివింది ఒకే ఒక్క గ్రంథం, అదే ఇప్పుడు ఈ కాగితం ఎగిరిపోకుండా మీద బరువుగా ఉంది. అర్జీల భాష నాకు అంతగా రాదు. రాతలో తప్పులుంటే మన్నించి, తప్పు చేసినవాణ్ణి మాత్రం మన్నించకుండా ఉండవలెనని ముందే మనవి.

1. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కష్టం వచ్చినవాళ్ళు దాన్ని కాగితం మీద రాసి, రాసిన భాగం కనబడకుండా మడిచి, వరసల్లోకి పంపుతారు. మిగతావాళ్ళు మడత కింద సంతకం పెడతారు. "నీ కష్టమేమిటో నాకు తెలియదు, అయినా వారం రోజులు నీ కోసం మోకరిస్తాను" అని దానికి అర్థం. మడత విప్పి చూడటం మాలో చెడ్డ తప్పు. మొగుడు కొట్టాడనో, కూతురు చెప్పకుండా వెళ్ళిపోయిందనో రాసుకుంటారు, అవి నలుగురి నోళ్ళలో నానకూడదు కదా. పదకొండేళ్ళ కిందట ఈ పద్ధతి పెట్టినవాణ్ణి నేనే.

2. పోయిన నెల మూడో ఆదివారం బస్సుల యజమాని మా షెడ్డుకి వచ్చాడు. అంతవరకు ఆయన బస్సుల పొగ వచ్చేది గానీ ఆయనెప్పుడూ రాలేదు. చెప్పులు బయట విడిచి, చివరి వరసలో కింద కూర్చున్నాడు. పాట అయ్యాక లేచి నిలబడి, "నాకో పెద్ద కష్టం ఉంది పాస్టరు గారూ, నోటితో చెప్పుకోలేను" అన్నాడు. నన్ను అందరూ 'తాళాలన్న' అంటారు. పాస్టరు గారూ అని పిలిచినవాడు పుట్టలేదు అప్పటిదాకా. ఆ ఒక్క పిలుపుకే నా బుర్రకున్న తాళాలన్నీ ఊడి కిందపడ్డాయి. ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆ రుమాలు తడిసిందా లేదా అని నేను చూడలేదు, చూడవలసింది.

"అందరూ అక్కర్లేదండీ. ముందు రెండు వరసల వాళ్ళు చాలు. ఆస్పత్రి వీధి వాళ్ళ ప్రార్థనకి బలం ఎక్కువని విన్నాను" అన్నాడు.

మడత కింద గీతలు కొట్టి ఉన్నాయి. పేరు, దాని పక్కన ఇంటి నంబరు, ఆ పక్కన సంతకం. మొదటి వరసలో ఉన్న మా ఆవిడ కలం పట్టుకుని ఆగింది.

"ఇంటి నంబరెందుకండీ? దేవుడికి మన ఇల్లు తెలీదా?"

"దీవెన దారి తప్పి పక్కింటికి పోకూడదుగా! రాయవే" అన్నాను నేను, నలుగురిలో మాట చమత్కారంగా ఉంటుందని. అందరూ నవ్వారు. బస్సుల యజమాని అందరికంటే గట్టిగా నవ్వాడు. పదిమందిమి రాశాం. మొదటి సంతకం నాదే.

అయ్యా, పూర్వం ఒక రాజు తన సొంత సైనికుడి చావు ఉత్తరం రాసి ఆ సైనికుడి చేతికే ఇచ్చి పంపాడు. నమ్మినవాడు గనుక వాడు దారిలో విప్పి చూసుకోలేదు. ఆ కథ నేను నలభైసార్లు చెప్పి ఉంటాను. చెప్పేవాడికి తన పాఠం తనకి వంటబట్టదు.

3. ఆ తర్వాత పదిరోజులకి నర్సమ్మ వచ్చింది. ఆమె మా వీధి ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్ళు సూదులు వేసి, కట్లు కట్టి, కాన్పులు చేసి పని విరమించిన మనిషి. ఇప్పుడు ఆ ఆస్పత్రిని ఊరి బయట బస్సుల షెడ్డు పక్క స్థలానికి తరలించాలని మండలిలో మాట నడుస్తోంది. అక్కడికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. ఎవరి బస్సులో నేను రాయక్కర్లేదు. దాన్ని ఆపడానికే ఆమె నిలబడింది. వచ్చీ రాగానే నా దుకాణం బల్ల మీద కాగితం పరిచింది.

"తాళాలన్నా, ఇది ప్రార్థన కాగితం కాదు, నామినేషను. పైనుంచి కిందిదాకా చదువు. చదివాకే పెట్టు."

"మా షెడ్డులో ఏనాడూ అడుగు పెట్టవు, మా సంతకాలు మాత్రం కావాలా అమ్మా?"

"నీ షెడ్డుకి రాలేదు గానీ నీ మోకాలు వాచినప్పుడు నీ ఇంటికి వచ్చాను. కొన్నాళ్ళు కుర్చీలో కూర్చుని ప్రార్థించుకో అన్నాను. విన్నావా?"

వినలేదు. ఆమెతో నాకు అదే తగాదా. అయినా చదివి పెట్టాను. నిబంధన ప్రకారం పదిమంది ప్రతిపాదించాలి, ఆమె సరిగ్గా పదే తీసుకుంది. పదకొండోది తీసుకునే మనిషి కాదు. మందు కూడా అలాగే పోస్తుంది, గీత దాటి ఒక్క చుక్క పడదు.

4. నామినేషన్ల గడువు ముగిశాక, నిన్న ఉదయం మీ కార్యాలయం వరండాలో జాబితాలు అంటించారు. నా పేరు అచ్చులో చూసుకుందామని వెళ్ళాను. అది గర్వమే, ఒప్పుకుంటున్నాను. నర్సమ్మ పేరు కింద నా పేరు నాలుగోది. బస్సుల యజమాని పేరు కింద నా పేరు మొదటిది. దాని కింద మా ఆవిడ పేరు. మొత్తం మడత కింద రాసిన పదిమందీ అదే వరసలో ఉన్నారు. వాళ్ళలో ఏడుగురం నర్సమ్మ జాబితాలోనూ ఉన్నాం.

కిటికీ దగ్గరి గుమాస్తా గారు నన్ను చూసి, "ఏమయ్యా, ఒక్కొక్కరూ రెండు చోట్ల గీకారు, ఏం మనుషులయ్యా మీరు?" అన్నారు.

"ఒక్కచోటే పెట్టాం సార్."

"అదిగో, బస్సులాయనది మొదటిరోజు ఆఫీసు తలుపులు తియ్యగానే దాఖలైంది. ముందు వచ్చిందే చెల్లుతుంది. రెండోదాంట్లో మీ ఏడుగురూ పోతారు. పదిలో ఏడు పోతే ఎంత?"

"మూడు."

"లెక్కలు వచ్చాయే! చదవడమే రాలేదన్నమాట."

ఆ మాట పడ్డాను, పడవలసిందే. కానీ అయ్యా, పరిశీలన రేపు. జాబితాలు అంటించి అప్పటికి గంట కూడా కాలేదు. రెండు జాబితాల్లో ఉన్నది ఏడుగురని, కాగితం వైపు తల తిప్పకుండా ఆయన ఎలా చెప్పారు? నాకు అనుమానంగా ఉంది. తప్పయితే ఆయన నన్ను క్షమించాలి.

5. బస్సుల యజమాని దగ్గర డ్రైవర్లు, కండక్టర్లు కలిపి నలభైమంది ఉన్నారు. టీ తాగే సేపట్లో పది సంతకాలు రాలతాయి. ఏనాడూ గుమ్మం తొక్కని షెడ్డుకి వచ్చి, చెప్పులు విడిచి, కళ్ళు తుడుచుకుని, ఏరి ఏరి ఆస్పత్రి వీధి వాళ్ళ చేతే ఎందుకు పెట్టించుకున్నాడు? నర్సమ్మ ఎవరి గడపలు ఎక్కుతుందో ముందే లెక్క వేసుకుని ఆ గడపలకి ముందుగా గొళ్ళెం పెట్టాడు. ఆయనకి కావలసింది మా మద్దతు కాదు, ఆమెకి మా మద్దతు లేకపోవడం.

గుడ్డివాడైన తండ్రి దగ్గరికి చిన్నకొడుకు వేషం వేసుకుని వెళ్ళి, అన్నకి రావలసిన దీవెన ముందుగా కొట్టేశాడు. తర్వాత అన్న వచ్చి ఎంత ఏడ్చినా తండ్రి దగ్గర రెండో దీవెన లేదు. ముందు వచ్చిందే చెల్లింది. ఆ తండ్రికి కళ్ళు లేవు. తమకి కళ్ళున్నాయి, కళ్ళజోడు కూడా ఉంది.

మూడో అభ్యర్థి మందుల కొట్టాయన మీద కూడా నాకు అనుమానం లేకపోలేదు. నిన్న మధ్యాహ్నం దారిలో ఎదురుపడి, నేను నోరు తెరవకముందే "ఆ సంతకాల సంగతి నాకేం తెలీదు బాబూ" అన్నాడు. అడగని ప్రశ్నకి జవాబెందుకో! అయితే రుజువు లేదు గనుక ఆయన్ని ఆయన దేవుడికి వదిలేశాను.

6. ఇక అసలు సంగతి. తాళం పగలగొట్టి తీశారో, తాళంచెవి పెట్టి తీశారో లోపలి గీతలు చూసి నేను చెప్పగలను. మా మడత పద్ధతి బయటివాళ్ళకి తెలియదు. అంటే ఇక్కడ తాళంచెవి ఎవరో ఇచ్చారు. నా అనుమానం మా బావమరిది మీదికి పోయింది. వాడు ఆ బస్సుల్లోనే టికెట్లు తనిఖీ చేస్తాడు. నిన్న సాయంత్రం వాడింటికి వెళ్ళి వాకిట్లోంచే కేకలేశాను.

"ఏరా, ఇంటి గుట్టు అమ్ముకుని తిన్నావా? బయటికి రా!"

వాడు అన్నం చేత్తోనే బయటికొచ్చాడు. "ఏ గుట్టు బావా? మీ మడతా? అది నేను చెప్పాలా? ఎండాకాలంలో నువ్వే కదా డ్రైవరు వెనక నిలబడి అరిచావు? 'మా వాళ్ళ విశ్వాసం చూడండి, పైన ఏం రాసుందో చూడకుండా సంతకం పెడతారు' అని. బస్సంతా విన్నది. పాడైన సైలెన్సరు సంగతి చూద్దామని ముందు సీట్లో యజమాని కూడా కూర్చున్నాడు ఆరోజు. నేనే మొత్తుకున్నాను, 'బావా, నెమ్మదిగా' అని. నువ్వు నా మాట ఏనాడు విన్నావ్?"

వాళ్ళావిడ లోపల్నుంచి, "అన్నయ్యగారూ, భోజనానికి రండి" అంది. తినకుండానే తిరిగొచ్చాను.

అయ్యా, తాళంచెవి ఇచ్చినవాణ్ణి నేనే. దేవుణ్ణి గొప్ప చేస్తున్నాననుకుని నన్ను గొప్ప చేసుకున్నాను. ఈ సంగతి దాచి అర్జీ రాస్తే అర్జీ బాగుండేది. కానీ రేపు తమరు ప్రమాణం చేయిస్తే నేను చెప్పవలసింది ఇదే గనుక, ముందే రాసేస్తున్నాను.

7. కావున తమరు దయచేసి బస్సుల యజమాని దాఖలు చేసిన అసలు కాగితాన్ని వెలుతురులో పట్టి చూడవలెను. పేర్లకు పైన అడ్డంగా మడత గుర్తు ఉంటుంది. ఇస్త్రీ చేసినా అది పోదు. మా ఏడుగురినీ వేరువేరుగా పిలిచి, ఆ కాగితం దేనికని పెట్టారో అడగవలెను. రేపు ఉదయం తొమ్మిదింటికే వరండాలో ఉంటాం. మోసంతో తీసుకున్న సంతకాలని తేలితే వాటిని ఆయన కాగితంలోంచి తీసి, చదివి పెట్టినవాటిని ఆమె కాగితంలో ఉంచవలెను. రెండుచోట్ల పెట్టినందుకు కేసు ఉంటుందని గుమాస్తా గారు బెదిరించారు. ఉంటే నా ఒక్కడి మీద రాయవలెను. మిగతా ఆరుగురూ నా మాట మీద పెట్టారు. వాళ్ళలో పూల కొట్టు అవ్వ "జైల్లో మోకాళ్ళ నొప్పికి మందిస్తారా?" అని అడిగింది, వస్తానంది. మా ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు. అసలు నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఈ మనవి చిత్తగించవలెను. చిత్తగించే వరకు దీన్ని గుమాస్తా గారి బల్ల మీదికి పోనివ్వక తమ చేతిలోనే ఉంచుకోవలెను.

దేవుని తర్వాత తమకే విధేయుడు,
ఆస్పత్రి వీధి తాళాలవాడు

తా.క.: ఇది రాస్తుండగా నర్సమ్మ వచ్చి నిలబడి మొత్తం చదివింది. "చింపెయ్ అన్నా. నా ఒక్కదాని కోసం ఏడుగురు కోర్టుల చుట్టూ తిరగాలా? పోతే పోయింది, ఊరుకో" అంది. ఆమె మాట నేను ఏనాడూ వినలేదు, ఇప్పుడూ వినను. అయ్యా, నిజం చెబుతున్నాను, ఆమెకి నేను ఓటు వేస్తానో లేదో నాకే తెలియదు. ఆమె నోరు నాకు పడదు. ఆమె ఓడిపోతే ఓడిపోనివ్వండి. ఊరు ఓడిస్తే ఓడిపోనివ్వండి. నేను ఓడించినట్టు మాత్రం చెయ్యకండి సార్.