పడుకునే తూటా నింపాను

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే దీపం పెట్టి, మీ స్నేహితుడు మూర్తిగారితో కలిసి కాన్‌బెర్రా శివార్లలో పాత తుపాకుల ప్రదర్శనకు వెళ్లాను. మీరిద్దరూ ఇరవై ఏళ్లు వాదించుకున్నారు కదా! గొట్టం మూతిలోంచి మందు దట్టించే మస్కెట్టే యుద్ధంలో నమ్మకమైనదని ఆయన. వెనక నుంచి తూటా పెట్టే రైఫిలయితే సైనికుడు నేల మీద పడుకునే నింపుకోగలడని మీరు.

అక్కడ ఉత్తుత్తి తూటాలతో ఎవరైనా ప్రయత్నించవచ్చన్నారు. మూర్తిగారు మస్కెట్ పట్టుకుని గడ్డిలో బోర్లా పడుకున్నారు. మందు దట్టించే పొడవాటి కడ్డీని గొట్టంలోకి దూర్చలేక, చివరికి మోకాళ్ల మీద లేచారు.

"శత్రువుకి కనబడిపోయారు అన్నయ్యగారూ!" అన్నాను.

తర్వాత కొంగు దోపుకుని, రైఫిల్‌తో ఆయన పక్కనే పడుకున్నాను. లేవకుండానే మూడుసార్లు తూటా పెట్టి తీశాను.

"ఓకే చెల్లెమ్మా, మావాడే కరెక్ట్," అంటూ ఆయన చొక్కాకంటిన గడ్డి దులుపుకున్నారు. కారెక్కాక మాత్రం, "కానీ ఆ ఎర్లీ రైఫిల్స్‌లో పేల్చినప్పుడు వెనక నుంచి వేడి గ్యాస్ లీకయ్యేదిగా? ఫేస్ కాలిపోయేది!" అన్నారు.

నేను ఊరుకుంటానా? గంగాలిన్‌లో మన ఇల్లు చేరేదాకా మీ తరఫున వాదిస్తూనే ఉన్నాను.