గోడ అవతల మంచం

అమ్మా, ప్రభువు దయవల్ల బాగున్నాం. ఫోన్లో నీకు వినబడదని కార్డు రాస్తున్నాను.

మా ఇంటి శుక్రవారం ప్రార్థన కూడికకు ఎవరూ రావట్లేదని, ఒక్కదాన్నే పాడుతున్నానని పోయిన కార్డులో ఏడ్చాను కదా. ఈ శుక్రవారం విసిగిపోయి చాప కూడా పరవలేదు. పక్కింటి మున్నీ తలుపు కొట్టింది. "ఏందక్కా, ఇయ్యాల పాట లేదా? మంచంల ఉన్న మా అమ్మీ అడుగుతున్నది. నీ పాట వింటెనే ఆమెకు అన్నం బుక్క దిగుతది."

ఆ మంచం మా గోడకే ఆనుకుని ఉందట. ఎవరూ రారని నేను దేవుడి మీద అలిగితే, ఆయన ఆమెను ఎప్పుడో అక్కడ పెట్టాడు.

నీ పెద్దక్షరాల పాటల పుస్తకం తమ్ముడితో పంపు. మోకాలికి నూనె రాస్తున్నావా? బాపుకు వందనాలు చెప్పు.

చాప ఈసారి గోడ పక్కనే పరిచాను.

నీ సలోమి, ఫలక్‌నుమా