బంతిపూలు కట్టిన కారు

ఫిబ్రవరి 16, ఆదివారం

సార్ కారు పోయింది.

దొంగలెత్తుకెళ్ళలేదు. ఇంజిన్ పోయింది. నడిపింది నేనే.

నిన్న పామర్రులో సార్ బావమరిది కొడుకు పెళ్లి. చుట్టాల్లో ఎవరి పెళ్లయినా ఊరేగింపుకి వెంకటప్పయ్య సార్ జర్మనీ కారే వెళ్ళాలి. ఇవ్వనంటే పెద్ద గొడవ. సార్ కూడా అడక్కముందే పంపిస్తారు.

కారు ముందంతా పూలు కట్టారు. బంతిపూల దండలు వరసగా, సందు లేకుండా. ముందు జాలీ మూయొద్దండీ, ఇంజిన్‌కి గాలి అక్కణ్ణుంచే పోవాలి అని చెప్పాను. బావమరిది గారు, ఒరేయ్ డేనియలూ, పెళ్లికారు బోసిగా వెళ్తే పెళ్లివారిది అనుకుంటారా, కాలేజీ ప్రిన్సిపాలుది అనుకుంటారా, నువ్వు స్టీరింగ్ పట్టుకో చాలు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బ్యాండు వెనకాల నడక స్పీడు. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. హారతి, ఫొటో, మళ్ళీ నాలుగడుగులు. పైన సన్‌రూఫ్‌లోంచి పెళ్లికొడుకు నిలబడ్డాడు, లోపల ఏసీ ఫుల్. సెంటర్ దాటగానే ఎర్ర లైటు వెలిగింది. పక్కసీట్లో సాత్విక్ ఉన్నాడు, సార్ కొడుకు. హీటెక్కిపోతోంది, ఆపేద్దాంరా అన్నాను. వాడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు, ఇంజిన్ హీటెక్కిపోతోందని నేనే చెప్పాను. సార్ మండపం దగ్గరున్నారు. నడిరోడ్డు మీద పెళ్లికొడుకుని దింపేస్తారేంట్రా, అక్కడ ఆడపెళ్లివారు ఎదురుకోలుకి నిలబడున్నారు, పోనివ్వండి, వారంటీ ఉందిగా అన్నారు.

పోనిచ్చాను.

మండపం గేటు దగ్గర బానెట్ కింద నుంచి తెల్లగా పొగ. ఈవెంట్ వాళ్ళ ఎఫెక్ట్ అనుకుని జనం చప్పట్లు కొట్టారు. వీడియో వాడైతే దగ్గరికొచ్చి మరీ తీశాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

టోయింగ్ బండి మీద కారుని షోరూమ్‌కి పంపాం. కంకిపాడు దాటేదాకా పూలు రాలుతూనే ఉన్నాయి.

సార్ నా భుజం మీద చెయ్యేసి, నీ తప్పేం లేదురా అన్నారు. పోయినేడాది ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టానుగా, అది ఇందుకే, రూపాయి పడదు అని వచ్చిన చుట్టాలందరికీ చెబుతున్నారు. 

ఫిబ్రవరి 26, బుధవారం

పనేం లేదు. కూర్చుంటే కాళ్ళు పీకుతున్నాయి. సార్ వాళ్ళింట్లో మొక్కలక్కూడా నేనే నీళ్ళు పడుతున్నా. ఆ ఇంట్లోనే పని చేసే మా అమ్మ అంట్లు తోముతూ చూసి, డ్రైవరు గారూ కొంచెం ఇటు కూడా అంది.

మార్చి 5, బుధవారం

వారంటీ కంపెనీ ఇవ్వనంది.

సార్‌తో పాటు షోరూమ్‌కి వెళ్ళాను. వాళ్ళు రేడియేటర్ విప్పి ట్రేలో పెట్టి చూపించారు. సందుల్లో అంతా ఎండిపోయిన బంతి రేకులు, దారం ముక్కలు. ఎర్ర లైటు వెలిగాక కూడా బండి చాలాసేపు నడిచిందని కారు కంప్యూటర్‌లో ఉందంట. గాలి ఆడకుండా మూసేసి, వార్నింగ్ వచ్చాక కూడా నడిపితే అది పార్టు లోపం కాదు సార్, వాడకం లోపం అని మేనేజర్ చాలా మర్యాదగా చెప్పాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి పంతొమ్మిది లక్షలు.

వచ్చేటప్పుడు ఆటోలో వచ్చాం. సార్‌ని ఆటోలో నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 12, బుధవారం

ఇవాళ సార్ నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోమన్నారు.

పద్నాలుగేళ్ళప్పుడు, తొమ్మిదో క్లాసు మానేసి ఈ ఇంటికొచ్చాను. ఎప్పుడు తిన్నా వెనక వరండాలోనే, నా ప్లేటు వేరే. ఇవాళ కనకలక్ష్మి అమ్మగారు వాళ్ళ ప్లేట్లోనే పెసరట్టు వేసి, అల్లప్పచ్చడి చాలా అని అడిగారు. కుర్చీ అంచు మీద కూర్చున్నా. సాత్విక్ ఎదురుగా ఫోన్ చూసుకుంటున్నాడు.

లాయర్ ఒక దారి చెప్పాడంట. కన్‌స్యూమర్ కోర్టుకి వెళ్తారంట. ఓనరుకి తెలియకుండా డ్రైవరు కారు తీసుకెళ్ళి పెళ్ళికి బాడుగకి తిప్పాడు, ఓనరు తప్పేం లేదు అని చెప్పాలంట. దానికి నేను రాసిచ్చి సంతకం పెట్టాలి.

నేను మీకు ఫోన్‌లో చెప్పాను కదండీ అన్నాను. సార్, చెప్పావురా, కాదన్నానా, ఇది నీకూ నాకూ మధ్య కాదు, కంపెనీ వాడితో ఆట అన్నారు. కాగితమేగా అన్నారు. మా ఇంట్లో పెరిగినవాడివి, నిన్ను రోడ్డున పడేస్తానా అన్నారు. మీ అమ్మక్కూడా ఇప్పుడే చెప్పకు, ఆడవాళ్ళు ఊరికే కంగారు పడతారు అన్నారు.

సాత్విక్ వైపు చూశాను. పెట్టెయ్‌రా, ఏం కాదు అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే. వాడికి క్లచ్ వదలడం నేర్పింది నేను. 

మార్చి 13, గురువారం

పెట్టాను.

మార్చి 24, సోమవారం

గన్నవరం ఎయిర్‌పోర్టు క్యాబ్ కంపెనీలో టెస్ట్ డ్రైవ్ ఇచ్చాను. పాసయ్యాను. సూపర్‌వైజర్, బ్రేకు వేస్తే తెలియట్లేదయ్యా, నిద్రొస్తోంది అన్నాడు. పోలీస్ వెరిఫికేషన్ అయితే చాలు, యూనిఫాం ఇస్తారంట. మెడ కొలత కూడా తీసుకున్నారు.

సార్‌కి చెప్పాలి. కారు లేదు కాబట్టి ఏమీ అనుకోరు.

ఏప్రిల్ 3, గురువారం

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్ళాను.

నమ్మక ద్రోహం కింద నా మీద కంప్లయింట్ ఉందంట. ఇచ్చింది వెంకటప్పయ్య సార్. తేదీ నేను సంతకం పెట్టిన మర్నాడే. కానిస్టేబుల్‌ నా చేతిరాత కాగితం చూపించి, నువ్వే ఒప్పుకున్నావుగా, మళ్ళీ కాదంటావేంటి అన్నాడు. కంప్లయింట్ లేకపోతే కోర్టులో కాగితం నిలబడదని లాయర్ చెప్పాడంట. అది నాకు చెప్పింది కూడా కానిస్టేబులే. సార్ కాదు.

కొట్టలేదు. కూర్చోబెట్టారు. సాయంత్రం పంపించేశారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

సార్ ఇంటికి వెళ్ళాను. వాచ్‌మన్ గేటు తియ్యలేదు. సార్ లేరు అన్నాడు. సార్ చెప్పులు మెట్ల మీదే ఉన్నాయి. అన్నా, నన్ను లోపలికి పంపించవా అంటే, నా ఉద్యోగం కూడా పోగొడతావా తమ్ముడూ అన్నాడు.

సాత్విక్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వాట్సాప్‌లో వాడి ఫొటో కనబడటం మానేసింది.

గేటులోంచి అమ్మ కనిపించింది. దండెం మీద బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసింది. చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 4, సాయంత్రం

అమ్మ ఇంటికొచ్చాక అంతా చెప్పాను. ఫోన్‌లో సార్ అన్న మాట, పెసరట్టు, సంతకం, అన్నీ.

మొత్తం విని, మరి అమ్మగారు నాకు వేరేలా చెప్పారే అంది. అప్పుడు సాత్విక్ నా పక్కనే ఉన్నాడు కదా అన్నాను. ఆ బాబుని కూడా అడిగాను, నాకేం తెలియదు అన్నాడు అంది.

తర్వాత నెమ్మదిగా అడిగింది. చెయ్యనివాడివి సంతకం ఎందుకు పెట్టావురా అని.

సార్ అడిగారు కాబట్టి అన్నాను. నేను చెప్పింది నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

వారంటీ కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. నిజం చెప్పండి డేనియల్ గారూ అంది. నా పేరుకి గారు తగిలించింది ఆవిడొక్కతే. ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, మీరు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా, మేం దేన్ని నమ్మాలండీ అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఫోన్ పెట్టేశాను. తర్వాత బందరు రోడ్డు మీద ఊరికే నడిచాను, ఎటో తెలియదు. ఆగితే ఏదో ఒకటి పగలగొడతానని భయమేసింది.

ఏప్రిల్ 15, మంగళవారం

క్యాబ్ వాళ్ళు వద్దన్నారు. వెరిఫికేషన్‌లో పేరుంది. సూపర్‌వైజర్, కుట్టిన చొక్కా ఇంకెవరికీ పట్టదయ్యా అని బాధపడ్డాడు.

ఏప్రిల్ 28, సోమవారం

కంపెనీ ఆఖరిసారి కూడా ఇవ్వనంది. ఎవరు నడిపినా, ఎవరు చెప్పినా, జాలీ మూసేసి నడిపారు కాబట్టి ఇవ్వమంట. నా సంతకం దేనికీ పనికిరాలేదు.

కోర్టు తేలడానికి ఏళ్ళు పడుతుందని సార్ సొంత డబ్బుతోనే బాగు చేయిస్తున్నారు. కంప్లయింట్ వెనక్కి తీసుకున్నారు. నన్ను రమ్మని అమ్మతో కబురు పంపారు.

వెళ్ళాను. గేటు తీశారు. హాల్లో బావమరిది గారు, ఇంకా చుట్టాలు ఉన్నారు. ఒక్క మాట సార్‌తో విడిగా మాట్లాడదాం అనుకున్నాను. సార్ అందరిముందూ, కుర్రతనం, తెలియక చేశాడు, నేను మనసులో పెట్టుకోను అన్నారు. బావమరిది గారు, మీరు కాబట్టి బావగారూ, ఇంకోళ్ళయితే లోపలేయించేవాళ్ళు అన్నాడు. జాలీ మూయొద్దని నేను చెప్పింది ఆయనకే. సాత్విక్ అక్కడే ఉన్నాడు. టీవీ సౌండ్ తగ్గించాడు, అంతే.

సార్, మీకు తెలుసు కదండీ అన్నాను.

సార్ నవ్వి, తెలుసురా, అందుకేగా వదిలేశాను అన్నారు. వెనక నుంచి అమ్మ గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, దణ్ణం పెట్టు అంది. అమ్మ చెయ్యి తడిగా ఉంది, సబ్బు వాసన.

పెట్టాను.

పదో తారీఖున కారొస్తుందంట. పనిలోకి రమ్మన్నారు. వచ్చే ఒకటో తారీఖు నుంచే జీతం వేస్తారంట. వెనక వరండాలో టిఫిన్ పెట్టారు. తినలేదు.

మే 4, ఆదివారం

అమ్మ ఇవాళ మందిరంలో లేచి సాక్ష్యం చెప్పింది. దారి తప్పిన నా కొడుకుని యజమాని క్షమించేలా దేవుడు ఆయన మనసు కరిగించాడు అని ఏడ్చింది. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు.

అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత నా వైపు తిరిగి చూశారు.

నేను కూడా అన్నాను.