తాళంచెవి మా బావమరిది

మార్చి 2, ఉదయం 9.20

ఈ డైరీ రాయకూడదనే అనుకున్నాను. కోట్లు కుట్టుకునేవాడికి డైరీ ఎందుకు? పైగా నేను మొదలుపెడితే ఆపనని మా ఆవిడ అభియోగం. కానీ కంప్యూటర్ పుస్తకంలో స్పష్టంగా ఉంది: ఫైళ్లకు తాళం వేసేవాడు ఏ రోజు ఏం చేశాడో రాసి పెట్టుకోవాలట. పుస్తకం చెప్పింది గనక రాస్తున్నాను.

జరిగింది ఇదీ. నిన్న పక్క బేకరీ ఆవిడ కోటు చేతులు కురచ చేయించుకోడానికి వచ్చింది. కౌంటర్ మీద కంప్యూటర్లో పళ్ల డాక్టరు కొలతలు తెరిచి ఉన్నాయి. నడుము నలభై ఆరు. తీపి ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పే మనిషి! ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. "అలాగా" అంది. అంతే. పొద్దున షాపు తెరవగానే డాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, మీకెన్ని కట్టుడు పళ్లున్నాయో నేనెవరికైనా చెప్పానా?"

చెప్పలేదు. కుట్టమని ఇచ్చిన గుడ్డ తిరిగి పట్టుకెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లుగా నా దగ్గర కుట్టించుకున్న ప్రతి మనిషి మెడా నడుమూ ఒకే డేటాబేస్ ఫైల్లో ఉన్నాయి. ఎవరూ నేర్పలేదు. అరవై దాటాక నేనే పుస్తకం కొనుక్కుని, నేనే నేర్చుకుని కట్టుకున్న ఫైలు అది. మా గురువుగారికైతే ఇవేవీ లేవు. ఆయన కొలతలన్నీ షాపు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఒకసారి ఇంటి యజమాని చెప్పాపెట్టకుండా గోడలకి సున్నం కొట్టించాడు. ఊళ్లో మగవాళ్లంతా మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డారు. గురువుగారు సున్నం వాసన పీలుస్తూ ఒక్కొక్కరినే కొలిచి, మళ్లీ అదే గోడ మీద రాశాడు. బొగ్గుతోనే.

అది వేరే సంగతి. నిర్ణయం: ఇవాళ్టి నుంచి కొలతల ఫైలుకి ఎన్‌క్రిప్షన్. ఇక దొంగ ఎత్తుకెళ్లినా వాడికి అక్షరాల గంజి తప్ప ఏమీ దొరకదు.

మార్చి 3, ఉదయం 10.00

ప్రణాళిక:
ఫైలుకి తాళం వేయడం.
తాళం లేని పాత కాపీలన్నీ చెరిపేయడం.
కొలత చీటీలు ఫైల్లోకి ఎక్కించగానే చించేయడం.
తాళంచెవిని కాగితం మీద రాయకపోవడం. ఈ డైరీలో కూడా!
పది తప్పులు కొడితే గంటసేపు తెరుచుకోకుండా చేయడం.

అమ్మాయి చదివింది. "చీటీలెందుకు చించడం నాన్నా?" అంది.

"భద్రత" అన్నాను. ఈ మాట అన్నాక ఎదుటివాళ్లు మాట్లాడరని గమనించాను.

మార్చి 4, సాయంత్రం 5.30

కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. తాళం వేసే పద్ధతి నేనే వేళ్లు పెట్టి చూపించాను. తల ఊపాడు.

"బాగానే చేశారు మాస్టారూ. కీ మాత్రం పోగొట్టుకోకండి. పోతే నా దగ్గరికి రావద్దు. వచ్చినా కూర్చోబెట్టి మంచినీళ్లిస్తానంతే."

"కంపెనీవాళ్లు కూడా తెరవలేరా?"

"కంపెనీవాళ్లు మంచినీళ్లు కూడా ఇవ్వరు."

కీ, అంటే తాళం తెరవడానికి కొట్టే అక్షరాలో అంకెలో, పొడుగ్గా ఉండాలట. పేర్లు, పుట్టినరోజులు పనికిరావట. పోయినా మళ్లీ దొరికే చోట దాని నకలు ఒకటి ఉండాలట. రాయకూడదు, మర్చిపోకూడదు, దొరకాలి. రాత్రి భోజనంలో దీని గురించే ఆలోచించాను. ఎదురుగా మా బావమరిది తింటున్నాడు.

మార్చి 5, ఉదయం 7.15

దొరికింది!

మా బావమరిది. మెడ, భుజం, ఛాతీ, నడుము, సీటు, చెయ్యి, కోటు పొడవు, కాలు. ఎనిమిది కొలతలు, పావంగుళాలతో సహా, వరసగా. ఎవడు ఊహించగలడు? గుర్తు పెట్టుకునే పని లేదు. మర్చిపోతే టేపు తీసుకుని కొలుచుకోవడమే. ఇరవై ఏళ్లుగా అంగుళం కదలని మనిషి. నకలు ఎక్కడ దాచాలనే బెంగ కూడా లేదు. అది రెండు పూటలా మా ఇంట్లోనే తింటుంది.

కొలిచాను.

"కొత్త కోటా బావా?" అన్నాడు.

"కాదోయ్. నువ్వు తాళంచెవివి."

"సరే" అని కాఫీ తాగడానికి వెళ్లాడు. ఏదీ ఎక్కువ అడగడు. తాళంచెవికి ఉండాల్సిన లక్షణమే.

మధ్యాహ్నం 12.40. తాళం వేశాను. కంప్యూటర్ ఆపి, మళ్లీ వెలిగించి, కొలతలు కొట్టాను. తెరుచుకుంది! పాత కాపీలు చెరిపేశాను. ఫైలుని మామూలు ప్రోగ్రాంలో తెరిచి మా ఆవిడకి చూపించాను. తెర నిండా పిచ్చి గీతలు.

"పాడైపోయిందా?" అంది.

ఇంత చక్కటి మెప్పు నాకు ఈ మధ్య రాలేదు.

మార్చి 8

అమ్మాయి ఆర్డరు తెచ్చింది. అగ్నిమాపక దళం వాళ్ల బ్యాండు, ఇరవై రెండు కోట్లు. కొత్త స్టేషన్ తెరిచేది ఇరవై ఎనిమిదిన. ఆ రోజు వేసుకుని వాయించాలి. తనే వెళ్లి మాట్లాడింది, తనే మాట ఇచ్చింది.

"కటింగ్ నేనే చేస్తాను నాన్నా. ఇవి బాగా వస్తే ఇకనుంచి కత్తెర నాది. ఒప్పుకుంటావా?"

ఇన్నేళ్లూ కాలర్లూ గుండీలూ తనవి, కత్తెర నాది. ఒప్పుకున్నాను. మా గురువుగారు నాకు కత్తెర ఇచ్చింది ఆయన చెయ్యి విరిగాక. నేను అంతవరకు ఆగడం లేదు.

బ్యాండు మొత్తం వచ్చి కొలతలిచ్చి, సాయంత్రం బండిలో ఊళ్లు తిరగడానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేది ఇరవై ఏడున. కొలతలు ఫైల్లోకి ఎక్కించాను. చీటీలు చించాను. అమ్మాయి నా చేతుల వంకే చూస్తూ నిలబడింది.

మార్చి 11, సాయంత్రం 4.00

ఎనిమిది కొలతలూ పావంగుళాలతో కొట్టడం చిన్న పనేం కాదు. అందుకే ఐదో తేదీ నుంచి కంప్యూటర్ ఆపడం లేదు. ఒకసారి తెరిచాక ఆపేదాకా కీ అడగదు. ఇది బద్ధకం కాదు. మాటిమాటికీ కీ కొడితే ఎవరైనా చూసే ప్రమాదం ఉంది కదా.

బావమరిదికి దవడ వాచింది. నాలుగు పళ్లు పీకించుకున్నాడు. పళ్ల డాక్టరు దగ్గరే. జావ తాగుతున్నాడు, పాపం. ఈ డైరీకి సంబంధం లేని విషయం.

మార్చి 15

బేకరీ ఆవిడ కోటు తీసుకెళ్లడానికి వచ్చింది. పెద్ద డోలు వాయించే ఆయన మంచి పొడగరి అటగా అంది. ఎలా తెలుసని అడిగాను.

"మీ కంప్యూటర్లో ఉందిగా మాస్టారూ. ఇక్కణ్ణుంచి చక్కగా కనిపిస్తుంది."

మెకానిక్‌కి ఫోన్ చేశాను. తాళం వేసిన ఫైలు ఆవిడ ఎలా చదివింది?

"మీరే తెరిచి పెట్టారుగా మాస్టారూ. ఆ తాళం డిస్కు ఎత్తుకెళ్లే దొంగకి. కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లకి కాదు."

"మరి వాళ్లకేం చెయ్యాలి?"

"తెర అటు తిప్పండి."

తిప్పాను. ఇప్పుడు నాకు కనపడదు. పైన లైనింగ్ గుడ్డ కప్పాను. మొత్తం మీద భద్రత పెరిగిందనే చెప్పాలి.

మార్చి 18, ఉదయం 11.05

కరెంటు పోయింది. వచ్చింది. కంప్యూటర్ కీ అడుగుతోంది.

గాభరా లేదు. టేపు తీసుకుని ఇంటికి వెళ్లాను.

11.30. నడుము దగ్గర టేపు వదులైంది. మళ్లీ కొలిచాను. మళ్లీ వదులే. ప్యాంటుకి తాడు కట్టుకుని ఉన్నాడు.

"ఏమైందోయ్ నీకు?"

"వారం రోజులుగా జావే కదా బావా. డాక్టరు ఇంకో వారం అన్నాడు. నాకైతే ఒళ్లు తేలిగ్గా హాయిగా ఉంది."

డాక్టరు కావాలని చేశాడని నేననను.

12.15. ఇవాళ్టి కొలతలు కొట్టాను. తెరుచుకోలేదు. నడుముకి అంగుళం కలిపి కొట్టాను. అంగుళమున్నర. రెండు. మెడా ఛాతీ సీటూ కూడా తగ్గాయి. ఏది ఎంత తగ్గిందో నాకు తెలియదు, వాడికీ తెలియదు. పది తప్పులయ్యాయి. గంట ఆగమంది. ఆ ఏర్పాటు నాదే.

వాడి పాత కొలతలు ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి. ఫైల్లో.

ఈ డైరీ మొత్తం తిరగేశాను. మా గురువుగారి గోడ గురించి వివరంగా ఉంది.

మార్చి 19

అమ్మాయికి చెప్పాను. అరిస్తే బావుండేది. అరవలేదు. గుడ్డ పరిచిన బల్ల మీద నుంచి సుద్దముక్క తీసి జేబులో వేసుకుంది.

"పిన్నులూ దారాలూ గుండీలూ అన్నీ సిద్ధం చేశాను నాన్నా. ఇవాళ మొదలుపెడితే నా ఒక్కదాని చేతికి సరిగ్గా సరిపోతుంది. ఒక్క మనిషి ఛాతీ కూడా లేదు నా దగ్గర."

"ఊహించి కొయ్యలేమా? వాళ్లని చూశావుగా."

"కోటు కోసం నా దగ్గరికి వచ్చిన మొదటివాళ్లకి ఊహించి కుట్టమంటావా?"

మధ్యాహ్నం నుంచి ఇంకో ప్రయత్నం. బావమరిదిని పాత కొలతకి తీసుకురావడం. నమలక్కర్లేనివన్నీ పెట్టాను: ఐస్‌క్రీం, వెన్న వేసిన జావ, పాలలో నానబెట్టిన కేకు. రెండు గంటలకోసారి టేపు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"మా తమ్ముణ్ణి ఏం చేద్దామని మీ ఉద్దేశం?"

"పాత కొలతకి తీసుకురావాలని."

"ముందు మీరు పాత బుద్ధికి రండి. వాణ్ణి వదిలిపెట్టండి."

సాయంత్రం 6.10. పావంగుళం పెరిగాడు. కడుపు మాత్రమే. మెడ కదల్లేదు. తర్వాత వాంతి చేసుకున్నాడు. మొదటికొచ్చింది.

మార్చి 20

పొద్దున్నే అమ్మాయి బస్సెక్కింది. బ్యాండు ఇవాళ వాయించే ఊరు కనుక్కుంది. నా టేపు తీసుకోలేదు. అది సాగిపోయిందట, అంగుళానికి వెంట్రుకవాసి తేడా చూపిస్తోందట. నన్ను రమ్మనలేదు. నేను వస్తానని అన్నాను. "ఫైలు చూసుకో నాన్నా" అంది.

మెకానిక్ షాపుకి వెళ్లాను. మాట తప్పని మనిషి, మంచినీళ్లిచ్చాడు. నా మొహం చూసి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, కోప్పడనంటే ఒకటి చెప్తాను. పోయినేడాది మీ కంప్యూటర్ బాగుచేసినప్పుడు ఎందుకైనా మంచిదని ఫైలు కాపీ తీసి పెట్టుకున్నా. చెరపడం మర్చిపోయాను."

"తాళం?"

"లేదు. అప్పుడు లేదుగా."

అంటే ఊరందరి నడుములూ ఏడాదిగా ఇతని అల్మారాలో తాళం లేకుండా ఉన్నాయి. కోప్పడాలో కావిలించుకోవాలో అర్థం కాలేదు. కావిలించుకున్నాను.

అందులో బావమరిది కొలతలు కూడా ఉన్నాయి! పరిగెత్తినంత పని చేసి వచ్చి కొట్టాను. తెరుచుకోలేదు. ఇరవై ఏళ్లుగా కదలని మనిషి పోయినేడాదికీ ఈ నెల ఐదో తేదీకీ మధ్యలోనే కదిలాడన్నమాట. రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నాం. నేనెప్పుడూ చూడలేదు.

ముప్పై ఏళ్ల కొలతలు దొరికాయి. ఈ ఏడాదివి పోయాయి. బ్యాండువి పోయాయి.

మార్చి 22, మధ్యాహ్నం 1.30

అమ్మాయి వచ్చింది. కళ్ల కింద నలుపు, మెళ్లో టేపు. వాయించడానికీ వాయించడానికీ మధ్య, వాళ్ల బండి వెనకాల నిలబెట్టి ఒక్కొక్కరినే కొలిచిందట.

"మళ్లీ ఎందుకమ్మా అని అడగలేదా?"

"అడిగారు. రెండుసార్లు కొలిస్తేనే కోటు కరెక్టుగా వస్తుందని చెప్పాను. బ్యాండు పెద్దాయన మిగతావాళ్లతో 'చూశారా, పనంటే అదీ' అన్నాడు."

నవ్వలేదు తను. చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్లింది. కత్తెర నేనే తీసి ఇచ్చాను. తిరిగి ఎప్పుడు తీసుకుంటానో రాయడం లేదు, అది ఇక తనదే.

మార్చి 27

రాత్రింబగళ్లు అని రాయబోయాను. అబద్ధం. అమ్మాయి తెల్లవారకముందు లేచి, చీకటి పడగానే ఆపింది. అలసిన చేతికి కత్తెర ఇవ్వకూడదట. నేను కాజాలు కుట్టాను. మా ఆవిడ గుండీలు. బావమరిది ఇస్త్రీ. ఇరవై రెండూ అయ్యాయి. బ్యాండు వచ్చి వేసుకుంది. సరిపోయాయి. పెద్ద డోలు ఆయన చేతులు రెండూ పైకెత్తి చూసుకున్నాడు. చంకల దగ్గర ముడత రాలేదు.

నేనైతే అక్కడ అరంగుళం వదులు ఎక్కువ పెట్టేవాణ్ణి. పెట్టకపోవడమే మంచిదైంది.

మార్చి 29, ఉదయం 9.00

ఎన్‌క్రిప్షన్ మళ్లీ మొదలు! మెకానిక్ కాపీ, బ్యాండు కొలతలు కలిపి కొత్త ఫైలు. మెకానిక్ నా ఎదురుగానే తన దగ్గరి కాపీ చెరిపాడు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చెరిపానన్నాడు.

ఈసారి ఏర్పాటు అమ్మాయిది. కీ రెండు సగాలు. ఒక సగం తనకి, ఒక సగం వాళ్లమ్మకి. ఇద్దరూ విడివిడిగా రాసి కవర్లలో సీలు వేసి వేర్వేరు చోట్ల పెట్టారు. రాయకూడదని పుస్తకం ఎక్కడా చెప్పలేదట. రాసి భద్రంగా పెట్టమనే ఉందట. ఆ పేజీ నేను దాటేసినట్టున్నాను. షాపు మూసేటప్పుడు కంప్యూటర్ ఆపాలి. తెర కౌంటర్‌కి దూరంగా, గోడ మూలకి జరిగింది.

"మరి నాకు ఏ సగం?" అన్నాను.

"నువ్వు అందరితోటీ మాట్లాడతావు కద నాన్నా" అంది అమ్మాయి. తిట్టినట్టు కాదు. నిజం చెప్పినట్టు.

10.20. ఎప్పుడో నా దగ్గర కోటు కుట్టించుకున్న ఒకాయన వచ్చాడు, ఆ కొలతలు కావాలట. కంప్యూటర్ వెలిగించాను. కీ అడిగింది. కూర్చోండి, మా అమ్మాయి వస్తుందన్నాను. మా ఆవిడ ముందు వచ్చింది, తర్వాత అమ్మాయి. అమ్మాయి కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగింది.

ఎవరూ చెప్పకుండానే అవతలి గోడవైపు తిరిగి నిలబడ్డాను. నన్ను చూసి ఆ వచ్చినాయన కూడా తిరిగాడు.