ఆళ్లగడ్డ బస్సు ఎక్కనని ఒట్టు

సెప్టెంబర్ 27, శనివారం

ఇదే ఆఖరు! ఇక పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆళ్లగడ్డ బస్సు ఎక్కను. ఎక్కితే నా పేరు పవనే కాదు.

నాకు బస్సు పడదు. శిరివెళ్ల రాకముందే కడుపులో తిప్పుతుంది. అయినా నంద్యాలలోని మా కోచింగ్ సెంటర్ వాళ్లు ప్రతి వారం టెస్టు పేపర్ ఇచ్చి, ఆళ్లగడ్డ బ్రాంచిలో ఇరవై కంప్యూటర్లలోకి ఎక్కించి రమ్మంటారు. నా భార్య అర్చన నిమ్మకాయ చేతికిచ్చి పంపుతుంది.

యాన్సిబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాను. ఏ కంప్యూటర్లో ఏ ఫైలు ఎక్కడ ఉండాలో ఒక్కసారి రాసిపెడితే చాలు. నేను నంద్యాలలో ఎంటర్ నొక్కితే ఆళ్లగడ్డలో అన్నీ వాటంతట అవే డౌన్‌లోడ్ చేసుకుంటాయి!

సెంటర్ యజమాని సంజీవయ్య సారుకు చెప్పాను. "ఐదో తేదీ గ్రాండ్ టెస్టు ఉండాదప్పా. అది ఈడ నుంచే నడిపిస్తివా, ఇంక నిన్ను పంపను. ఫెయిలైతే మాత్రం నీ కుర్చీ ఆడికే మారుస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి అర్చనతో, "నిమ్మకాయలు ఇంక ఊరగాయకు వాడుకో" అన్నాను.

సెప్టెంబర్ 29, సోమవారం

ఉదయం 10: పాత పేపర్‌తో ట్రయల్. ఎంటర్ కొట్టాను. తెర మీద ఇరవై వరుసలూ పచ్చగా, అంటే ఇరవైకీ చేరినట్టే! కుర్చీలోంచి లేచి అరిచాను. ఆఫీసంతటికీ టీ నేనే చెప్పాను.

10.20: ఆళ్లగడ్డ ల్యాబ్ చూసుకునే అన్వర్ ఫోన్. "పవనన్నా, పేపర్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతాందే?"

డౌన్‌లోడ్ అయింది పేపర్ కాదు. మా వెబ్‌సైట్ లాగిన్ పేజీ. పేపర్ పేరు పెట్టుకుని ఇరవై చోట్లా చక్కగా కూర్చుంది. చిన్న విషయం. మొదటి రోజు ఎవరికైనా జరుగుతుంది.

సెప్టెంబర్ 30, మంగళవారం

సరిచేశాను. వచ్చింది అసలు ఫైలో కాదో చూసుకునే వరుస కూడా చేర్చాను. ఇక తిరుగులేదు. రేపటి నుంచి దసరా సెలవులు, నెట్ ఖాళీ. గ్రాండ్ టెస్టు పేపర్ అప్పుడే పంపేస్తాను.

అన్వర్‌కు గట్టిగా చెప్పాను: "ఆ మూల వైర్లన్నీ పోయే పెట్టె ఉండాది సూడు, దాన్ని బాగా సూసుకోండి. అన్నిటికీ పెద్ద అదే."

"అట్లే అన్నా. రామసుబ్బమ్మక్కకు గూడా చెప్తా." ఆవిడ ఆ బ్రాంచి ఊడ్చి తుడిచే మనిషి. తాళాలు కూడా ఆవిడ దగ్గరే.

అక్టోబర్ 1, బుధవారం, ఆయుధపూజ

ఎంటర్. ఇరవైకి ఇరవై ఎర్రగా! ఒక్కటీ పలకదు.

"పూజలో ఉండాయన్నా" అన్నాడు అన్వర్ ఫోన్లో. "బొట్లు పెట్టి, పూలేసి పెట్టినాం."

రామసుబ్బమ్మక్క ఫోన్ లాక్కుంది. "కొడవళ్లకే సెలవిచ్చినాం, నీ డబ్బాలకు ఇయ్యగూడదా నాయనా? పండగ అయ్యేదాకా స్విచ్ ముట్టనీను."

న్యాయమే. పండగ పూట పని చెప్పడం నాదే తప్పు. ఓళిగలు తిని పడుకున్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

మళ్లీ ఎరుపే. అన్వర్‌కు ఫోన్ చేశాను. కంప్యూటర్లు వెలుగుతున్నాయట. నెట్ మాత్రం లేదట.

"పెట్టె మీద లైట్లు ఎలుగుతాండాయా?"

"లేదన్నా. మొన్నట్నుంచి లేవు."

"మొన్న ఏమాయె?"

"నువ్వే అంటివి గదన్నా, అన్నిటికీ పెద్ద అదేనని. అక్క మొదటి టెంకాయ దానికే కొట్టింది. నీళ్లు రోంత లోపలికి పోయినాయి."

దానికే అంటే, దాని మీదే!

అక్టోబర్ 4, శనివారం

ఉదయం 7: బస్టాండు. నేను ఒట్టు పెట్టుకుంది పెన్‌డ్రైవ్ గురించి. నా సంచిలో ఉన్నది కొత్త నెట్‌వర్క్ పెట్టె. కాబట్టి ఒట్టు చెక్కుచెదరలేదు. పెన్‌డ్రైవ్ ప్యాంటు జేబులో ఉందనుకోండి, ఊరికే ఉంది. అర్చన నిమ్మకాయ ఇచ్చింది.

శిరివెళ్ల: వాంతి.

మధ్యాహ్నం: పెట్టె బిగించి, అన్వర్ పక్కనే కూర్చుని, నా ల్యాప్‌టాప్‌లో ఎంటర్ కొట్టాను. రిమోట్ అంటే ఇంత దూరం ఉండాలని ఎక్కడా రాయలేదు.

పంతొమ్మిది పచ్చ. ఒకటి ఎరుపు. ఆ కంప్యూటర్‌ను వెనక్కి తిప్పి చూస్తే, నెట్ వైరు పెట్టే చోట నిండా కుంకుమ. అటూ ఇటూ చూసి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను.

"అన్వర్, ఇది నువ్వు సూడలే."

"నేనేం సూడలేదన్నా. అక్క సూసింది."

అక్టోబర్ 5, ఆదివారం

టెస్టు జరిగింది! అందరూ రాశారు! ఒక్క కంప్యూటరూ మొరాయించలేదు!

సారు ఫోన్ చేశాడు. "శభాష్ పవన్! యాడ కూర్చున్నా పని ఐతాదని నువ్వంటే నమ్మకపోతి."

"యాడున్నా ఒకటే సార్" అన్నాను, ఛాతీ విరుచుకుని. నోరు మూసుకుని ఉండాల్సింది.

"ఐతే రేపట్నుంచి ఆళ్లగడ్డలోనే కూర్చో. ఆడ ఆ పెట్టెను సూసుకునే మనిషి కావల్ల. నంద్యాల ల్యాబ్‌కు పేపర్లు ఆడ నుంచే పంపు."

నిజంగానే ఏడుపొచ్చింది.

అక్టోబర్ 6, సోమవారం

ఉదయం 7: అర్చన సంచి నిండా నిమ్మకాయలు పోసింది. "ఊరగాయ పెట్టలేదా?" అన్నాను. "నీ ఒట్టు సంగతి నాకు తెలీదా? అందుకే పెట్టలే" అంది.

10.15: ఆళ్లగడ్డ. నంద్యాల ల్యాబ్‌కు పేపర్ పంపుతూ ఎంటర్ కొట్టాను. మొత్తం ఎరుపు.

నంద్యాలలో కౌంటర్ దగ్గర కూర్చునే హజీరాకు ఫోన్ చేశాను.

"నెట్ లేదన్నా. ఆళ్లగడ్డలో టెస్టు బాగా జరిగిందని సారు పొద్దున్నే ఈడి పెట్టెకు గూడా టెంకాయ కొట్టిచ్చినాడు."

కొత్త ఒట్టు, ఈ రోజు నుంచే: పెన్‌డ్రైవ్ పట్టుకుని నంద్యాల బస్సు ఎక్కను. సాయంత్రం ఇంటికి పోయే బస్సు లెక్కలోకి రాదు.