మడిచిన ఆకు

గొలుగొండ,
మంగళవారం

ఏవండీ,

ఫోన్లో అయితే మీరు అరుస్తారు, నేను సగంలో నోరు మూసుకుంటాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చాను చూడండీ, అది అబద్ధం. అమ్మ నిక్షేపంలా ఉంది. నాకే ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

ఆదివారం హోటల్లో భోంచేస్తుంటే ఫోనొచ్చి మీరు బయటికి వెళ్లారు కదా. ఈగలు ముసురుతున్నాయని మీ అరిటాకు నేనే మడిచి కప్పాను. మడిచిన ఆకంటే తినడం అయిపోయినట్టే అన్న సంగతి నాకు తట్టలేదు. వడ్డించే ఆవిడ, ఓనరు కామమ్మా అని పిలుస్తాడే, ఆకు తీసుకుపోయింది. మీరొచ్చి, "కళ్లు కనబడవా? కొండ దిగొచ్చిన మొహమూ నువ్వూ!" అని గ్లాసుడు నీళ్లు ఆవిడ మొహాన కొట్టారు. "తప్పైపోనాది బాబూ, బేగి ఇంకో ఆకేస్తాను" అని కొంగుతో తుడుచుకుంటూ ఆవిడ నావంక చూసింది. నేను తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

"నేనేనండీ మడిచింది" అంటే సరిపోయేది. ఆ తిట్లు నామీద పడతాయని భయపడి ఆవిడని బలిపెట్టాను. ఛీ, ఏం బతుకండీ నాది! పదకొండేళ్లుగా చూస్తున్నాను. ఆఫీసులో అంత వినయంగా ఉండే మనిషికి, అన్నం పెట్టేవాళ్లు కనబడగానే ఏమవుతుంది?

వెళ్లి ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకోండి. ఆకు మడిచింది నేనని కూడా చెప్పండి. ఆ తర్వాతే నన్ను రమ్మనండి.

మీ వెంకటదుర్గ

*

నర్సీపట్నం,
ఆదివారం

దుర్గా,

నీ ఉత్తరం చదవగానే ముందు కోపమే వచ్చింది. చించేయబోయాను కూడా.

ఆ ఫోను మా ఎరువుల కంపెనీ మేనేజరుది. నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. "అమ్మడం చేతకాకపోతే ఇంట్లో కూర్చో" అన్నాడు. ఎండలో నిలబడి సరే సార్, సరే సార్ అన్నాను. లోపలికొస్తే ఆకు లేదు. తిరిగి ఒక్క మాట అనలేని మనుషులు నాకు హోటళ్లలోనే దొరుకుతారు దుర్గా. అనలేరని తెలిసే అంటాను. ఇంతకుమించి కారణమేమీ లేదు, ఎంత వెతుక్కున్నా.

నిన్న హోటలుకి వెళ్లాను. నేను మెచ్చుకుంటాననుకుని ఓనరు లేచి నిలబడ్డాడు. "ఆయమ్మని ఆ సాయంత్రమే తీసేసానండీ. మీలాంటోల్ల ముందు మాకు పరువుండాల కదండీ!" మళ్లీ పనిలో పెట్టుకోమని బతిమాలాను. కొత్తావిడ వచ్చేసిందన్నాడు.

ఆవిడ ఊరి పేరు కనుక్కుని, చింతపల్లి బస్సెక్కి, దిగాక అరగంట నడిచాను. కామమ్మ అరుగు మీద విస్తరాకులు కుడుతోంది. నేను ఫలానా అని చెబితే మొహంలోకి పరకాయించి చూసింది.

"గురుతు రాట్లేదు బాబూ. సాంబారు సల్లారిందని గిన్నె ఇసిరినోలా?"

"కాదు. ఆకు ముందే తీశావని నీళ్లు కొట్టినవాణ్ణి."

"ఓలమ్మ, తిట్టినోలు సానామంది. ఆ మొకాలన్నీ గురుతెట్టుకుంటే పని సెయ్యగలమా?"

చేతులు జోడించాను. ఆకు మడిచింది నా భార్యేననీ, భయపడి చెప్పలేకపోయిందనీ అన్నాను. కుట్టే చెయ్యి ఆగిపోయింది.

"ఆయమ్మా! ఆయమ్మ గురుతుంది బాబూ. తలొంచుకుని అన్నం కలుపుతానే ఉంది, ఒక్క ముద్ద మింగలేదు. నాకైతే ఈ తిట్లు సాయంత్రం దాకానే, ఈయమ్మ ఈ బాబుతోటే ఇంటికెల్లాల గదా అనుకున్నాను."

తర్వాత ఎండన పడి వచ్చానని నాకు చెంబుతో నీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఇక రమ్మని రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. నువ్వు అక్కడే ఉండు దుర్గా.

జగదీశ్వరరావు