బావ కారులోని చవక కిట్టు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం, దాని వెనకే నువ్వు పంపిన పెట్టె అందాయి. పాప బాగుంది. ముందు పళ్ళు ఊడి, ‘స’ అనబోతే ఈల వస్తోంది. నేనూ బాగానే ఉన్నాను. మీ బావ సంగతి కింద రాస్తాను, ముందు నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పనీ.

ఓడలో నిద్ర పట్టడం లేదన్నావు. ఆ ఇంజన్ గది హోరు పడుకున్నా చెవుల్లోంచి పోదేమో. దూది పెట్టుకుని చూడు. షెడ్డు నడుస్తోందా అన్నావు. నడుస్తోంది. సైలెన్సర్ మార్చి వీధంతా అదిరేలా చేయమనేవాళ్ళు, కారును నేలకు తాకేంత కిందికి దించమనేవాళ్ళు వస్తూనే ఉన్నారు. మీ బావ తీరు నీకు తెలిసిందేగా. లైట్లు, స్టిక్కర్లు, వెనక రెక్కలు ఎంత చవకవి తెచ్చినా నవ్వుతూ బిగిస్తారు. బ్రేకులకో స్ప్రింగులకో చవక సరుకు తెస్తే మాత్రం చేత్తో కూడా ముట్టుకోరు. “ఇది విరిగితే మీ అమ్మకు నేనేం చెప్పాలి?” అని వెనక్కి పంపేస్తారు.

అందుకే నీకు అంత కోపం వచ్చింది. అలాంటి మనిషి, కాళ్ళు పట్టు తప్పాక, చేత్తోనే బ్రేకూ యాక్సిలరేటరూ నడిపే కిట్టు తన కారుకు అంత నాసిరకానిది ఎందుకు పెట్టుకున్నాడని నిలదీశావు. నేనూ అప్పట్లో నీలాగే గొడవపడ్డాను. ఆయన వినలేదు. దాని లివర్‌ను ఆకురాయితో సాపు చేసి, అతుకులు మళ్ళీ వెల్డింగ్ పెట్టి, లోపలి తీగ తీసేసి గట్టిది వేసుకున్నారు. “నాకిది చాల్లే” అన్నారు. పిసినారితనం అనుకున్నాను. రోజూ పాపను బడిలో దింపి ఈల వేసుకుంటూ తిరిగొస్తుంటే, నేనే అనవసరంగా నోరు పారేసుకున్నాననుకున్నాను.

నీ పెట్టె రావడానికి కొద్ది రోజుల ముందు లెక్కల టీచర్ ఒకమ్మాయి షెడ్డుకు వచ్చింది. ప్రమాదంలో నడుం దెబ్బతిని చక్రాల కుర్చీలో తిరుగుతోంది. మన కారు చూసి, తనకూ అచ్చం అలాంటిదే పెట్టమంది. నేను పక్క గదిలో బిల్లు రాస్తున్నాను. మీ బావ గొంతు తగ్గించి చెబుతున్నారు.

“నాది చూసి అడక్కమ్మా. నా చేతులు ఇంకొన్నాళ్ళు పనిచేస్తే గొప్ప. నీకు బతుకంతా కావాలి.”

తమ్ముడూ, నాకు తెలిసింది అలాగే. కాళ్ళతో మొదలైన జబ్బు చేతులకూ పాకుతుందని డాక్టరు ఆయనకు మొదట్లోనే చెప్పేశాడట. ఆ అమ్మాయి వెళ్ళాక అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

“చెబితే నన్ను కారు తోలనిచ్చేదానివా?” అన్నారు.

ఇచ్చేదాన్ని కాదు. ఆ మాటే అనలేక, ఉతికిన బట్టలే మళ్ళీ నీళ్ళలో వేసి ఉతుక్కుంటూ కూర్చున్నాను.

తర్వాత, మేలైన కిట్టుతో నీ పెట్టె వచ్చింది. బల్ల మీద పెట్టించుకుని ఒక్కో భాగమూ తిప్పి తిప్పి చూశారు. “మీ తమ్ముడికి నా మీద ఎంత ప్రేమే” అన్నారు. ఒక బోల్టు తీసి మరలో పెట్టబోయారు. పడిపోయింది. తీసిస్తే మళ్ళీ పడిపోయింది. ఆ మధ్య ఉత్తరాల చివర ఆయన చేతిరాత కనబడటం లేదేమని అడిగావు కదా, ఇందుకే.

అది మన కారుకు పెట్టలేదు. నువ్వేమీ అనుకోకు. ఆ టీచరమ్మాయిని పిలిపించి ఆమె కారుకు పెట్టించారు. పెట్టింది నేనే. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే సీటు కింద దూరి, స్పానర్ పట్టుకుని బిగించాను. “ఇంకొంచెం... చాలు, ఇక తిప్పితే మర పోతుంది” అంటూ ఎంత ఓపికగా నేర్పారో. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పని ఇంత దగ్గరగా చూడలేదురా.

మొదటిసారి ఆ అమ్మాయి తోలుతుంటే పక్క సీట్లో ఈయన, వెనక నేనూ పాపా కూర్చున్నాం. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నారు. మలుపు దగ్గర ఆమె లివర్ నొక్కి మెత్తగా ఆపింది. అప్పుడు తల కొద్దిగా వెనక్కి తిప్పి, ముఖం తుడవమన్నారు. చెమట అన్నారు. కొంగుతో తుడిచాను. పాప, నాన్నకు చెమట కళ్ళలోంచి వస్తోందని అంది.

మన కారు షెడ్డులోనే ఉంది. పాపను నేనే నడిపించి తీసుకెళ్తున్నాను. షెడ్డులో ఆయన చెబుతారు, నేను బిగిస్తాను.

నీకు ఇవన్నీ రాయొద్దన్నారు. రాస్తున్నాను. ఓడ ఒడ్డుకు చేరగానే సెలవు పెట్టి రా. గుమ్మంలో ఆయన ఎప్పటిలా చెయ్యి చాపుతారని ఎదురుచూడకు. లేవదు ఆ చెయ్యి. నువ్వే దగ్గరికి వెళ్ళి, ఒళ్ళోంచి తీసి పట్టుకో. వేళ్ళు మూయలేరు గానీ, పట్టుకుంటే తెలుస్తుంది ఆయనకు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అక్క